డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో సిటీ ఎన్నికలు మేలో, కౌంటీ ఎన్నికలు నవంబరులో ఎందుకు? తేడా ఏమిటి?

సిటీ, కౌంటీ (మన జిల్లాలాంటిది) రెండూ వేర్వేరు ప్రభుత్వాలు. అందుకే ఎన్నికలూ వేరు.

ఫ్రిస్కో మేయర్, ఆరుగురు కౌన్సిల్ సభ్యుల పదవీకాలం మూడేళ్లు. ఎన్నిక మే మొదటి శనివారం. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. సగానికి మించి ఓట్లు ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు, దాన్ని రనాఫ్ అంటారు. నీళ్లు, పోలీసు, పార్కులు, కొత్త అపార్ట్‌మెంట్లకు అనుమతులు ఈ కౌన్సిల్ చూసుకునేవే. రోజువారీ పాలన మాత్రం మేయర్‌ది కాదు, కౌన్సిల్ నియమించే సిటీ మేనేజర్‌ది. మన మున్సిపల్ కమిషనర్‌లాంటి వాడనుకోండి, కాకపోతే ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వం పంపదు.

కౌంటీకి నవంబరులో, సరి సంఖ్య సంవత్సరాల్లో ఓటు వేస్తారు. ఇక్కడ పార్టీలుంటాయి, మార్చిలో ప్రైమరీలూ, అంటే పార్టీల అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ఎన్నికలూ జరుగుతాయి. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), కౌంటీ కమిషనర్లు, 'కౌంటీ జడ్జి' ఇందులో ఎన్నికవుతారు. పేరు చూసి మోసపోవద్దు, ఆ జడ్జి ముఖ్యంగా చేసేది నలుగురు కమిషనర్లతో కలిసి కౌంటీ బడ్జెట్, రోడ్లు చూడటం.

ఇంకో చిక్కు ఉంది. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. రోడ్డు దాటితే సిటీ అదే, షెరీఫ్ మారిపోవచ్చు.

ఓటు పౌరులకే. హెచ్1బీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఆస్తి పన్ను కడుతున్నా ఓటు వేయలేరు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు పోలింగ్‌కు 30 రోజుల ముందే నమోదు చేసుకోవాలి. మే ఎన్నికలకు వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి, నిజానికి మీ ఓటుకు బలం ఎక్కువ అక్కడే.