మాస్టర్ హబ్ బాగుందో లేదో టంకశాలలో ఎట్ల చూస్తారు?

నాణేల డైలకు, అంటే బిళ్ళ మీద బొమ్మ ఒత్తే స్టీలు అచ్చులకు, మూలమైన మాస్టర్ హబ్‌ను ఎట్ల పరీక్షిస్తారు, నేరుగా నాణెమే కొట్టి చూస్తారా అని అడిగినావు కదన్నా. నేను మింటులో (టంకశాలలో) చేసినోన్ని కాదు, ప్రొద్దుటూరులో మా మామ షాపులో ఎనిమిదేండ్లు లక్ష్మీ కాసుల డైలు చేసినా, సైజు చిన్నదే గానీ పని వరస అదే.

మాస్టర్ హబ్ మీద బొమ్మ నాణెం మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా ఉంటాది. దాన్ని మెత్తటి స్టీలు మీద ఒత్తితే మాస్టర్ డై, అందులో గుంతగా, తిరగేసి వస్తాది. దాన్నుంచి వర్కింగ్ హబ్, దాన్నుంచి వర్కింగ్ డైలు, వాటితో నాణేలు. మొదటిదాంట్లో గీత తప్పితే లక్షల నాణేల మీదికి పోతాది.

డైని గట్టిపరిచేదానికి (హార్డెనింగ్) కాల్చి నూనెలో ముంచకముందే సీసం బిళ్ళ మీద ఒత్తి చూడటం పాతకాలం నుంచీ ఉండే పద్ధతి. మామ ఆ బిళ్ళను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని తిప్పుతా చూసేవాడు, నేను ట్యూబ్‌లైట్ కింద చూస్తే తిట్టేవాడు, నీడ పడకపోతే లోతు ఏం తెలుస్తాదిరా అని.

సీసాన్ని పూర్తిగా నమ్మకూడదు కూడా, అది ఎంత లోతుకైనా పారిపోతాది. ఒకసారి రెండు వైపుల డైలూ విడివిడిగా సీసం మీద ఒత్తి, అమ్మవారి ముక్కు భలే వచ్చిందని హార్డెనింగ్ చేయించేసినా. వెండి బిళ్ళ పెట్టి కొడితే ముక్కు చప్పిడి! వెనకపక్క సరిగ్గా దానికి ఎదురుగానే 'శ్రీ' లోతుగా చెక్కినాను, రెండు గుంతలూ ఒకే చోట లోహాన్ని లాక్కుంటే యాడ సరిపోతాది? పది రోజుల పని గోవిందా. మింటులో అసలు లోహం బిళ్ళలతో, రెండు డైలూ బిగించి ట్రయల్ కొట్టేది ఇందుకే. అమెరికాలో 1921లో కొట్టిన పీస్ డాలర్ అనే వెండి నాణేనికి కూడా బొమ్మ ఎత్తు ఎక్కువై సరిగ్గా పడలేదు, 1922లో తగ్గించినారు.

ఇంకోటి, హబ్ ఒత్తిడికి డై స్టీలు గట్టిపడతాది, మళ్ళీ కాల్చి మెత్తబరిచి రెండోసారి ఒత్తాల, అప్పుడు హబ్ వెంట్రుకవాసి తిరిగినా అక్షరాలు జంటగా పడతాయి. 1955లో ఫిలడెల్ఫియాలో ఒక సెంటు డై ఇట్లే కళ్ళుగప్పి పోయింది, ఇప్పుడు ఆ నాణేలకు ఎగబడతారు, అది వేరే కథ. అమెరికా మింటు 1990ల చివర్లో ఒకే ఒత్తు పద్ధతికి మారింది.

గట్టితనం కొలిచేదానికి రాక్‌వెల్ మిషన్ ఉంటాది, మా దగ్గర లేదు, ఆకురాయి గీస్తే జారిపోతే ఓకే అనుకునేవాళ్ళం.

హైదరాబాద్ చర్లపల్లి మింటులో కొట్టిన నాణెం దొరికితే సంవత్సరం కింద నక్షత్రం ఉంటాది, దాని కొనలు భూతద్దంలో చూడన్నా, సూదిగా ఉన్నాయా మొద్దుబారినాయా అని. సీసం బిళ్ళ మీద మామ ముందు చూసేది అట్లాంటి కొనలే.