మజిలీ సినిమాలో శ్రావణిలా ఓర్చుకోవడం నిజ జీవితంలో సాధ్యమేనా?

సాధ్యమే. నేను రెండేళ్లు ఓర్చుకున్నాను. దానివల్ల కాపురం బాగుపడుతుందంటే మాత్రం ఒప్పుకోను.

మాదీ ఆ సినిమా జరిగే విశాఖే, గాజువాక. క్రికెట్టూ, ప్రేమించిన అన్షూ రెండూ పోయాక శ్రావణి భర్త పూర్ణ తాగుడులో పడతాడు. మా ఆయన ఉద్యోగం పోయాక మాట్లాడటం మానేశారు. శ్రావణి (సమంత చేసిన పాత్ర) రైల్వేలో పనిచేసి ఇల్లు నడిపింది, నేను ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి నడిపాను. అడగాలంటే ఆయనకు నామోషీ అని రోజూ పొద్దున్నే చొక్కా జేబులో వంద రూపాయలు పెట్టి వెళ్లేదాన్ని.

ఒక ఆదివారం టీవీలో మజిలీ వస్తోంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. శ్రావణి బాధ దిగమింగుకుని నవ్వే చోట మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. వెనకే వెళ్లాను.

"నువ్వూ అలాగే పైకి నవ్వుతున్నావా?" అన్నారు.

"నేను నవ్వి చాలా రోజులైంది. మీరు నా మొహం చూస్తే కదా!" అన్నాను.

అంతే, రెండేళ్లది మొత్తం బయటికొచ్చేసింది. గట్టిగా అరిచాను. పక్కింటివాళ్లు వింటున్నా నేను పట్టించుకోలేదు. ఆయన లోపలికెళ్లి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. జేబులో నేను పెట్టిన ప్రతి వందా తారీఖుతో సహా రాసుకున్నారు, తిరిగి ఇవ్వాలని. భార్య దగ్గర అప్పు రాసుకునే మనిషిని చూస్తే కోపం వస్తుందా, ఏడుపొస్తుందా? నాకు రెండూ వచ్చాయి. ఆ పుస్తకం చించేశాను.

ఆ మర్నాడే స్నేహితుడి జిరాక్స్ షాపులో పనికి వెళ్లారు.

దర్శకుడు శివ నిర్వాణ మీద నా ఫిర్యాదు ఇదే. పూర్ణ మారడానికి అన్షు కూతురు మీరా రావాల్సి వచ్చింది. శ్రావణి ఒక్కసారి గట్టిగా నిలదీసి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదు. 2019లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచీ చుట్టాల్లో ప్రతి ఒక్కరూ కొత్త కోడళ్లకి "సమంతలా ఉండాలమ్మా" అని చెప్పడం వింటున్నాను. ఒక్కరైనా కొడుకుని కూర్చోబెట్టి "పూర్ణలా ఉండకురా" అన్నారా?

ఇప్పటికీ ఆ సినిమా వస్తే ఇద్దరం చూస్తాం. ఆ సీన్లో ఆయన లేచి వెళ్లరు, నా వైపు తిరిగి చూస్తారు.