ఉగ్గుగిన్నె పంపిస్తున్నాను గానీ

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "పురుడయ్యాక ఇక్కడికి రానంటోందమ్మా. పుణేలోనే ఉంటుందట. బిడ్డకి నీళ్ళు కూడా తనే పోస్తుందట, అచ్చం అమ్మమ్మ పోసినట్టు" అని చెప్పింది. వెంటనే పక్కింటికి వెళ్ళి, మా మనవరాలు కాళ్ళు చాపుకుని బిడ్డకి నీళ్ళు పోస్తుందట అని గొప్పగా చెప్పుకొచ్చాను. రాత్రి తలుపు గడియ పెట్టాక గుండె దడ మొదలైంది.

మర్నాడు నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. మీ అమ్మని అడిగి ఇరవై మూడు సంగతులు రాసుకున్నావు. ఎనిమిదో దాకా నవ్వుకుంటూనే చదివాను. తొమ్మిదోది చదివాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు తేలికవి కానీ.

పుట్టిన గంటలోపే పాలు పట్టు. మా రోజుల్లో ముర్రుపాలు మంచివి కావని మూడు రోజులు పిండి పారబోయించి, బిడ్డకి పంచదార నీళ్ళు పట్టారు. బిడ్డకి అంత మేలుచేసే పాలు చేతులారా గోడవతల పోశాను. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, ఎండాకాలమైనా మంచినీళ్ళు కూడా వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు. ఎవరైనా పెద్దావిడ వేలికి తేనె రాసుకుని వస్తే నా పేరు చెప్పి ఆపు. వస కూడా అక్కర్లేదు. నీకు పోయలేదు, అయినా రెండో ఏటికే వసపిట్టలా వాగావు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టు.

బొడ్డు మీద పసుపు, నూనె, పౌడరు ఏదీ వేయకు. మా అమ్మకి నాకంటే ముందు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ ఎనిమిదో రోజు దాటలేదు. దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేకపోయారట. గాలి సోకిందన్నారు. బొడ్డు కోసింది కొడవలితో, పైన అద్దింది పిడకల బూడిద. అది ధనుర్వాతమని మా అమ్మకి చెప్పినవాళ్ళు లేరు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంజెక్షన్లు, ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ జబ్బు బాగా తగ్గింది. 2015లో మన దేశంలో తల్లీపిల్లల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించారు. ఆ సంగతి తెలిసిన రోజు మా అమ్మ ఫోటో దగ్గర దీపం పెట్టాను. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే. నీళ్ళు పోయడం ఆ తర్వాతే.

ఇక నీ తిండి. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని నాకు రోజుకి రెండు గ్లాసులే ఇచ్చారు. రాత్రిళ్ళు నాలుక పిడచకట్టుకుపోయేది. ఒకరోజు స్నానానికి పెట్టిన వేణ్ణీళ్ళు చెంబెడు దొంగతనంగా తాగేశాను. నువ్వు దాహం వేసినప్పుడల్లా తాగు. పప్పు, కూరలు, పళ్ళు అన్నీ తిను. వెల్లుల్లి కారం, నెయ్యి వేసుకున్న వేడన్నం మాత్రం మానొద్దు. పథ్యమని కాదు, అంత రుచిగా అన్నం నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

సరే, తొమ్మిదోది. "స్నానానికి ముందు ముక్కులో, చెవుల్లో రెండేసి చుక్కల నూనె. అమ్మమ్మ మర్చిపోయేది, నువ్వు మర్చిపోకు."

మీ అమ్మ 1970లో పుట్టింది, మాఘమాసం చలిలో, మా పుట్టింట్లో. రోజూ నీళ్ళు పోయడానికి ఒక ముసలమ్మ వచ్చేది. ఆవిడ చేతుల్లో బిడ్డ పిండిముద్దలా తిరిగేది. నేను గుమ్మంలో కూర్చుని పదిహేడు రోజులు చూశాను. చూస్తే పని వచ్చేస్తుందనుకునే వయసు. పద్దెనిమిదో రోజు ఆవిడకి జ్వరం. "ఇవాళ్టికి ఒళ్ళు తుడిచేద్దాంలే" అంది మా అమ్మ. అమ్మ పాలు తేవడానికి వెళ్ళేదాకా ఆగి, నేను పీట వేసుకున్నాను.

నలుగు పెట్టడం వరకూ బాగానే కుదిరింది. ముసలమ్మ అయితే నూనెలో చిటికెనవేలు ముంచి ముక్కు దగ్గర అలా తాకించేది, అంతే. నేను ఆ వేలిని చూడనే లేదు, ఆవిడ పక్కనుండే ఉగ్గుగిన్నెని చూశాను. దాని కొమ్ముతోనే పోస్తుందనుకున్నాను. ఆముదం గోరువెచ్చ చేసి, కొమ్ము ముక్కుకి ఆనించి వంచాను. ఆముదం చిక్కన కదా, ముందు రాదు, వస్తే ఒక్కసారిగా వస్తుంది. బిడ్డ ఏడవలేదు. నోరు తెరిచింది గానీ చప్పుడు రాలేదు. పెదాల చుట్టూ నీలం తిరిగింది. బోర్లా తిప్పి వీపు మీద చరిచాను. ఎంతసేపు చరిచానో తెలియదు. చివరికి దగ్గింది, తర్వాత ఏడ్చింది.

అమ్మ తిరిగొచ్చేసరికి బిడ్డకి గుడ్డ చుట్టేసి, నూనె మరకైన తువ్వాలు నానబెట్టేశాను. ఏమీ చెప్పలేదు. మర్నాటికి బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది, డొక్కలు ఎగరేస్తోంది. బండి కట్టించుకుని టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరుగారు చూసి, "ముక్కులో గానీ నోట్లో గానీ ఏమైనా పోశారా?" అని అడిగారు. పక్కన అమ్మ ఉంది. లేదండీ అన్నాను. సాయంత్రం మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాను. నిమ్ముకి మందులిచ్చారు, తగ్గలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఆయమ్మ వార్డు తుడుస్తూ, నా మొహం కూడా చూడకుండా, "నూనె పోశావా అమ్మా?" అంది. అప్పుడు బయటపడ్డాను. ఆవిడే వెళ్ళి డాక్టరుగారికి చెప్పింది. ఆయన నన్ను తిట్టలేదు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే మామూలు నిమ్ములా మందులకి లొంగదని మాత్రం అన్నారు. అక్కడ పందొమ్మిది రోజులున్నాం.

అమ్మకి చెప్పొద్దని ఆయమ్మని బతిమాలాను. మీ తాతయ్యకి చలిగాలి తగిలిందని చెప్పాను. మీ అమ్మకీ అదే కథ, అది నీకూ చెప్పే ఉంటుంది. నువ్వు పుట్టినప్పుడు నలభై రోజులు నేనే నీళ్ళు పోశాను. మీ అమ్మ రోజూ నూనె గిన్నె అందించేది. "అయ్యో, మర్చిపోయానే, రేపు చూద్దాం" అనేదాన్ని. నలభై రోజులూ మర్చిపోయాను. నాది మతిమరుపనుకుని, నువ్వైనా మర్చిపోకూడదని అది నీకు రాయించింది. నేను నోరు విప్పి ఉంటే నీ లిస్టులో అది ఉండేదే కాదు. ఆదివారం మీ అమ్మ వచ్చినప్పుడు నేనే చెప్తాను. అందాకా నువ్వేమీ అనకు.

తొమ్మిదోది కొట్టెయ్. ముక్కు, చెవులు, కళ్ళు, వీటిలో ఏదీ పోయొద్దు. కాటుక కూడా కంటికి కాదు, అరికాల్లో చుక్క పెట్టు. దిష్టికి ఆ అడ్రసు చాలు. సాంబ్రాణి పొగ నీ జుట్టుకి కావాలంటే బిడ్డని వేరే గదిలో పడుకోబెట్టి వేసుకో. తల గుండ్రంగా రావాలని నొక్కొద్దు, అది దానంతటదే వస్తుంది. డాక్టరు ఏదైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, పక్కన మీ అత్తగారున్నా సరే, నేనున్నా సరే.

నీళ్ళు పోయడం మాత్రం అచ్చం నువ్వు రాసుకున్నట్టే. కాళ్ళు చాపి కూర్చుంటే రెండు పిక్కల మధ్య పల్లంలో బిడ్డ సర్దుకుంటుంది, తల నీ మడమల దగ్గర, పాదాలు నీ పొట్ట వైపు. నీళ్ళు మోచేతికి వెచ్చగా తగిలితే చాలు. తల మీద పోసేటప్పుడు ఎడమ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టు, మొహం మీదికి రావు. చెంబు పట్టుకోవడానికి మీ ఆయన్ని పిలువు. మా రోజుల్లో మగవాళ్ళు ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు, దాంతో ఏం బావుకున్నామో తెలియదు. చివరి చెంబు దిగదుడిచి "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు" అను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా అను.

పార్సిల్లో ఆరు నూలు చీరలున్నాయి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. ఐదు చింపి గుడ్డలు చేసుకో, ఆకుపచ్చది ఉయ్యాలకి ఉంచు. నువ్వడిగిన ఉగ్గుగిన్నె అందులోనే చుట్టి పెట్టాను. కొమ్ము దగ్గర చిన్న సొట్ట ఉంటుంది. ఆ రోజు నా చేతిలోంచి పడింది. సరిచేస్తానని కంసాలి అడిగినా ఒప్పుకోలేదు. ఆరు నెలలు నిండాక ఉగ్గు పెడతావు కదా, అది చెంచాతో పెట్టు. గిన్నె బీరువాలో ఉండనీ.

తొమ్మిదో నెల రాగానే మీ ఆయన్ని పంపించు, నన్ను తీసుకెళ్ళడానికి. కింది బెర్తే చూడమను, పైకి ఎక్కలేను. నీళ్ళు నువ్వే పొయ్యి. నేను గుమ్మంలో కూర్చుంటాను.

మీ అమ్మమ్మ