పాప ఏడుస్తోందని బెల్టు తీసేయకండి

డాలస్‌లో మేముండే వైపు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు కలిసినప్పుడు ఇల్లు, స్కూలు, డ్రైవింగ్ లైసెన్సు, ఇండియన్ స్టోరు అన్నీ అడుగుతారు. కార్లో చిన్నపిల్లల్ని కట్టి కూర్చోబెట్టే కార్ సీట్ గురించి మాత్రం దాదాపు ఎవరూ అడగరు. కొనేశాం కదా, ఆ పని అయిపోయిందనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా పాపకి రెండు నెలలప్పుడు అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఒక ఆదివారం గుడికి వెళ్ళి వస్తుంటే ఫ్రీవే ఎక్కగానే పాప గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది, పక్కనే కూర్చున్న అమ్మ రెండు నిమిషాలు జోకొట్టి చూసి ఇక ఆగలేక బకిల్ నొక్కి పాపని ఒళ్ళోకి తీసేసుకుంది. బండి అప్పుడు 65 మైళ్ళ వేగంలో ఉంది. మావారు వెంటనే ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో ఆపారు. "ఇంతమంది పిల్లల్ని పెంచాను, నా ఒళ్ళో పట్టుకోవడం నాకు చేతకాదా?" అని అమ్మ బాధపడింది, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

అమ్మ ప్రేమలో లోపం లేదు, చేతుల్లో అంత బలం ఉండదు, అంతే. 30 మైళ్ళ వేగంలో బండి దేన్నైనా గుద్దుకుంటే లోపలున్న మనిషికి తగిలే దెబ్బ దాదాపు 30 అడుగుల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి కింద పడినట్టు ఉంటుంది. ఆ క్షణంలో ఎంత బలవంతుడైనా చేతుల్లో పసిబిడ్డని ఆపలేడు. మన బెల్టు లోపలే పాపని కూడా పెట్టుకుంటే ఇంకా ప్రమాదం, మన బరువంతా ఆ చిన్న ఒంటి మీద పడుతుంది. గుడి పది నిమిషాల దూరమే అన్నది లెక్కలోకి రాదు. పిల్ల ఏడిస్తే ఎగ్జిట్ తీసుకుని ఆపండి, పాలు పట్టండి, డైపర్ మార్చండి, మళ్ళీ కట్టి బయల్దేరండి. ఆలస్యమైతే అవనివ్వండి.

సీటు కొనడం కన్నా దాన్ని సరిగ్గా బిగించడం కష్టం. కార్ సీట్లు తనిఖీ చేయడానికి సర్టిఫికేషన్ తీసుకున్న టెక్నీషియన్లు ఇక్కడ ఉంటారు, చాలాచోట్ల ఉచితంగానే చూస్తారు. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (NHTSA) వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్ కొడితే దగ్గర్లో ఎక్కడున్నారో వస్తుంది. కొన్ని ఫైర్ స్టేషన్లలో ఉంటారు, అన్నిట్లోనూ ఉండరు కాబట్టి ముందే ఫోన్ చేసి వెళ్ళండి. మేం అమ్మని కూడా తీసుకెళ్ళాం. అక్కడి టెక్నీషియన్ ఒకావిడ మా సీటుని బెల్టు వెళ్ళే చోట పట్టుకుని పక్కకి ఊపింది, మేం గట్టిగా బిగించామనుకున్నది బెత్తెడు దూరం జరిగింది. అక్కడ పట్టుకుని ఊపితే ఒక అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదట. తర్వాత పాప భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో నిలువుగా గిల్లి చూసింది, పట్టీ మడత వేళ్ళ మధ్యకి వచ్చింది. అలా వస్తే వదులుగా ఉన్నట్టు. రెండు భుజాల పట్టీలని కలిపి ఉంచే చెస్ట్ క్లిప్ పొట్ట మీద ఉంది, అది చంకల ఎత్తులో ఉండాలి. ఒక పట్టీ లోపల మెలిపడి ఉంది, రెండు నెలలుగా మేం గమనించనేలేదు. బిగుతుగా కడితే పాపకి నొప్పి అని మా ఇద్దరికీ అనిపించేది, ఆ రోజుతో ఆ ఆలోచన పోయింది. ఆ తర్వాత అమ్మే రోజూ బయల్దేరే ముందు రెండు వేళ్ళతో గిల్లి చూసేది.

సాధారణంగా సీటుని బిగించడానికి కార్ బెల్టు గానీ లోయర్ యాంకర్లు (కారు సీటు వీపు, కూర్చునే భాగం కలిసే చోట ఉండే ఇనుప కొక్కేలు) గానీ ఏదో ఒకటే వాడాలి, మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప రెండూ కలిపి వాడకూడదు.

ఏడాది నిండగానే వెనక్కి తిరిగున్న సీటుని ముందుకి తిప్పేసేవాళ్ళని చాలామందిని చూస్తున్నాను, కాళ్ళు ముడుచుకుంటున్నాయని. కాళ్ళు మడిచి కూర్చోవడం పిల్లలకి ఇబ్బంది కాదు. వెనక్కి తిరిగి ఉంటే గుద్దుకున్నప్పుడు తల, మెడ, వీపు అన్నిటినీ సీటే కాపు కాస్తుంది, ముందుకి తిరిగి ఉంటే ఒళ్ళు పట్టీల దగ్గర ఆగిపోయి బరువైన తల మాత్రం ముందుకి విసురుగా వెళ్తుంది. సీటు మీద రాసిన బరువు, ఎత్తు పరిమితి దాటేదాకా వెనక్కే ఉంచమని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. వెనక్కీ ముందుకీ రెండు రకాలుగా వాడగలిగే కన్వర్టిబుల్ సీట్లలో చాలావాటికి ఆ బరువు పరిమితి 40 పౌండ్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ముందుకి తిప్పాక సీటు పైభాగాన్ని కారుకి పట్టి ఉంచే టెథర్ పట్టీ తగిలించడం మర్చిపోకండి. టెక్సాస్ చట్టమైతే ఎనిమిదేళ్ళ లోపు, 4 అడుగుల 9 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకి సీటు తప్పనిసరి అంటుంది. రాష్ట్రానికో రకం కాబట్టి మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. వెనక్కి తిరిగుండే సీటుని ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ఫ్రంట్ సీట్లో మాత్రం ఎప్పటికీ పెట్టొద్దు.

స్నేహితులు ప్రేమగా ఇచ్చే పాత సీటు తీసుకునే ముందు రెండు అడగండి: యాక్సిడెంట్ అయిన బండిలో ఉందా, దాని గడువు ఎప్పటిదాకా. గడువు తేదీగానీ తయారీ తేదీగానీ సీటు మీదే ముద్రించి ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. గరాజ్ సేల్‌లో తెలియనివాళ్ళ దగ్గర అసలు కొనొద్దు.

న్యూజెర్సీ, చికాగో వైపు ఉన్నవాళ్ళకి చలికాలం మాట ఒకటి. మందపాటి జాకెట్ మీద పట్టీలు కట్టకండి. గుద్దుకున్నప్పుడు ఆ దూది అంతా అణిగిపోయి పట్టీలు వదులైపోతాయి. పల్చటి స్వెట్టర్‌తో కట్టి, పైన దుప్పటి కప్పండి. మా టెక్సాస్ ఎండలకైతే కట్టేముందు బకిల్ ఇనుప ముక్కని చేత్తో ముట్టుకుని చూడండి, ఎండలో నిలబెట్టిన బండిలో అది చర్మం కాలేంత వేడెక్కుతుంది. షాపులోకి రెండు నిమిషాలే కదా అని అద్దాలు కొంచెం దించి పిల్లల్ని బండిలో వదిలి వెళ్ళొద్దు. అద్దాలు దించినా లోపల వేడి తగ్గదు, పసివాళ్ళ ఒళ్ళు మనకన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

ఇండియా వెళ్ళేటప్పుడు సీటు ఇక్కడే వదిలేయకండి. విమానంలో వాడవచ్చని ఎర్ర అక్షరాలతో రాసి ఉన్న సీటైతే పాపకి టికెట్ కొన్నప్పుడు అందులోనే కూర్చోబెట్టవచ్చు, ముందు మీ ఎయిర్‌లైన్‌ని అడగండి. అక్కడి కార్లలో బెల్టు మన కార్లలోలా లాక్ కాకపోవచ్చు కాబట్టి బెల్టుని తనే పట్టి ఉంచే లాక్-ఆఫ్ ఉన్న సీటైతే మంచిది. ఇంకోటి, చాలా అద్దె కార్లలో వెనక బకిళ్ళు సీటు కవర్ల కింద దాగిపోయి ఉంటాయి, అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగి పార్కింగ్‌లో వాటికోసం వెతకాల్సి వస్తుంది. కారు మాట్లాడేటప్పుడే డ్రైవర్‌కి ఫోన్ చేసి, వెనక బెల్టులు బయటికి తీసి పెట్టమని చెప్పండి.