అవధానం చూడటానికి ఛందస్సు రావాలా?

పద్యాలు పుస్తకంలో చదువుకోవచ్చు కదా, ఛందస్సు తెలియనివాళ్లకు అవధానంలో ఆనందం ఏముంటుంది అని అడిగారు. ఏళ్లుగా అవధానాలకు వెళ్తున్నవాడిగా చెప్తున్నాను, తప్పకుండా వెళ్లండి. పుస్తకంలో పద్యం పూర్తయ్యాకే మన చేతికొస్తుంది. అవధాన సభలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు, ఒక్కొక్కరూ అడిగినదానికి అవధాని అప్పటికప్పుడు పద్యం చెప్తాడు, అది మన కళ్లముందే పుడుతుంది.

మొదట నిషిద్ధాక్షరి మీద దృష్టి పెట్టండి. అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెప్పే అంశం అది. శివుడి మీద పద్యం అడిగారనుకుందాం. అవధాని 'గం' అంటాడు. 'గంగ' వస్తుందని హాల్లో అందరికీ తెలిసిపోతుంది. పృచ్ఛకుడు వెంటనే "గ వద్దు" అంటాడు. ఇక మనకు టెన్షన్. పక్కవాళ్లు కూడా పెదవుల్లోనే అక్షరాలు వెతుక్కుంటుంటారు. అవధాని ఒక్క క్షణం ఆగి 'భీ' అంటాడు. పద్యం గంభీరం వైపు తిరిగిపోతుంది, చప్పట్లు మోగుతాయి. ఆ క్షణంలో చప్పట్లు కొట్టడానికి గురువులు, లఘువులు తెలియక్కర్లేదు. నాకైతే అవధానం మొత్తంలో ఇదే ప్రాణం.

సమస్యాపూరణం ఇంకో రకం. అర్థం లేనట్టో, అనకూడనిదన్నట్టో ఉన్న పాదం ఒకటి ఇస్తారు, అది అర్థవంతంగా కుదిరేలా అవధాని పద్యం పూర్తి చేయాలి. ఎక్కువగా అది చివరి పాదమే. ఎక్కడికి చేరాలో మనకు ముందే తెలుసు, ఎలా చేరతాడన్నదే ఉత్కంఠ. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఏవో ప్రశ్నలతో అడ్డుతగులుతుంటారు, నవ్విస్తుంటారు. ఇంకోపక్క గంట మోగుతుంది, ఎన్నిసార్లు కొట్టారో కూడా అవధాని లెక్క పెట్టుకోవాలి.

యూట్యూబ్‌లో రికార్డింగులు ఉన్నాయి, నేనూ చూస్తాను. కానీ పృచ్ఛకుడు అడిగాక వచ్చే ఆ నిశ్శబ్దంలో పదిమందితో కలిసి ఊపిరి బిగబట్టడం అక్కడ దొరకదు.

మొదటిసారి అయితే ఎనిమిది అంశాలుండే అష్టావధానానికే వెళ్లండి, ఒక్క పూటలో అయిపోతుంది. వందమంది పృచ్ఛకులుండే శతావధానం రోజుల తరబడి సాగుతుంది. పృచ్ఛకుల మొహాలు కూడా కనిపించేలా ముందు వరసల్లో కూర్చోండి. ఎవరే అంశం అడిగారో చిన్న కాగితం మీద రాసుకుంటే తర్వాతి ఆవృత్తుల్లో, అంటే విడతల్లో, తికమక ఉండదు.

ధారణ అయ్యేదాకా మాత్రం లేవకండి. ఆవృత్తికో పాదం చొప్పున విడివిడిగా చెప్పిన పద్యాలన్నింటినీ, కాగితం ముక్క లేకుండా, వరసగా మొత్తంగా అప్పుడే చదువుతాడు. ఆలస్యమైందని చాలామంది అప్పటికే వెళ్లిపోతారు. అసలు పద్యాన్ని పద్యంగా వినేది అక్కడే.