కొత్త నేల కలిసిన ప్రతిసారీ గొడవ ఎందుకు?

అమెరికా 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా అనే పెద్ద భూభాగం కొనడానికీ, 1820 మిస్సోరి రాజీకీ (బానిసత్వంపై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందం) లింకు దొరకడం లేదు, తేదీలన్నీ కలిసిపోతున్నాయి అన్నారు కదండీ. టెన్షన్ పడకండి. తేదీలు పక్కన పెట్టి సెనేట్‌లో (అమెరికా పార్లమెంటు ఎగువ సభ) సీట్లు లెక్కపెట్టండి.

అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ పంపిన దూతలు న్యూ ఆర్లియన్స్ రేవు కోసం బేరానికి వెళ్తే, ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్ మొత్తం లూసియానానే అమ్మకానికి పెట్టాడు. కోటీ యాభై లక్షల డాలర్లకు దేశం దాదాపు రెట్టింపయింది. జనం పెరిగేకొద్దీ ఆ నేల రాష్ట్రాలవుతుంది. చిన్నదైనా పెద్దదైనా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు. అసలు కిటుకు ఇదే.

1819 చివరికి బానిసత్వం ఉన్న రాష్ట్రాలు 11, లేనివి 11. మిస్సోరి బానిసత్వంతో చేరితే త్రాసు ఒరుగుతుంది. అందుకే మెయిన్‌ను మసాచుసెట్స్ నుంచి విడదీసి బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చారు. మిగతా లూసియానా నేలలో 36°30′ అక్షాంశ గీతకు ఉత్తరాన బానిసత్వం వద్దన్నారు. ఆ గీతను మ్యాప్ మీద స్కేలుతో గీసి చూడండి, మిస్సోరి దక్షిణపు అంచు చాలావరకు దాని మీదే ఉంటుంది. ఈ బేరసారాల్లో బానిసలనుగానీ, తరతరాలుగా అక్కడే ఉన్న ఆదివాసులనుగానీ ఎవరూ అడగలేదు. జవాబులో ఆ మాట తప్పకుండా రాయండి.

1845 టెక్సాస్‌నూ, 1848లో మెక్సికో నుంచి వచ్చిన భూములనూ ఇదే లెక్కతో చూడండి. 1850లో కాలిఫోర్నియా చేరాక లెక్క బానిసత్వం లేనివి 16, ఉన్నవి 15 అయింది. దక్షిణాది రాష్ట్రాల భయం అక్కడే ముదిరింది.