కాలేజీ చీర్, ఆల్‌స్టార్ రెండూ చేయొచ్చా? (సమాధానం)

టెక్సాస్‌లో చదివే మీ అమ్మాయి కాలేజీ చీర్ (చీర్‌లీడింగ్) టీములోనూ, ఆల్‌స్టార్ టీములోనూ (ప్రైవేటు జిమ్ తరఫున చీర్ పోటీలకు వెళ్లేది) ఉంటే ఎన్‌సీఏఏ అర్హత పోతుందా అన్నారు కదండీ. ఎన్‌సీఏఏ వేరు, ఎన్‌సీఏ వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మొదటిది కాలేజీ క్రీడల సంస్థ, రెండోది ఏప్రిల్‌లో డేటోనా బీచ్‌లో చీర్ పోటీలు పెట్టేది. మామూలు చీర్ ఎన్‌సీఏఏ క్రీడ కాదు, కాబట్టి దాని అర్హత రూల్స్ వర్తించవు. తను ఉన్నది ‘స్టంట్’ లేదా ‘అక్రోబాటిక్స్ అండ్ టంబ్లింగ్’ టీమైతే మాత్రం కథ వేరు, ఎందుకంటే అవి చీర్ లాంటివే అయినా ఎన్‌సీఏఏ గుర్తించిన క్రీడలు: ఆల్‌స్టార్ జిమ్‌కి ఫీజు కట్టకముందే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసు (క్రీడల రూల్స్ చూసేది) నుంచి మెయిల్‌లో అనుమతి తీసుకోండి, నోటిమాట పనికిరాదు.

మామూలు చీర్‌లో అసలు అడ్డం కోచ్‌తో సంతకం చేసిన కాంట్రాక్టే. అందులో ‘బయటి టీములు’ అనే పేరా వెతకండి. ఆల్‌స్టార్ వరల్డ్స్ (ప్రపంచ పోటీలు) కూడా ఏప్రిల్‌లోనే, ఆర్లాండోలో. రెండు ప్రాక్టీసులూ ఒకే వారాల్లో పడితే ముందు దెబ్బతినేది ఫ్లయర్ (పైకి ఎగిరే అమ్మాయి) చీలమండలు, బేస్ (కింద నుంచి ఎత్తే అమ్మాయి) మణికట్లు.